ఉపవాసం నిలిచేది తినే వేళల్లోనే

బరువు తగ్గడానికి ఉపవాసం పనికొస్తుందా లేదా అన్న చర్చ పదేళ్లకు పైగా సాగుతోంది. 2012లో బీబీసీలో మైఖేల్ మోస్లీ కార్యక్రమం ప్రసారమయ్యాక, వారంలో రెండు రోజులు ఐదారు వందల కేలరీలతో సరిపెట్టుకునే 5:2 పద్ధతి చాలా దేశాలకు పాకింది. ఆ వెనకే రోజుకు పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచే 16:8 వచ్చింది. తెలుగునాట అంతకు ముందు నుంచే మంతెన సత్యనారాయణరాజు ఉప్పులేని తిండిని, తేనె నిమ్మరసాల ఉపవాసాన్ని టీవీల ద్వారా ఇళ్లకు చేర్చారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ కొబ్బరినూనె, నిమ్మకాయల ద్రవాహారం గురించి చెబుతుంటే సభలకు జనం పోటెత్తారు. ఈ పద్ధతులు ఒకదానితో ఒకటి పొసగవు. ఏది పట్టి వదిలేసినవాళ్లను అడిగినా మాత్రం తరచుగా వినిపించే మాటలు రెండే: నోరు కట్టుకోలేకపోయాం, నీరసం తట్టుకోలేకపోయాం.

ఈ రెంటినీ ఉపవాసంతో వచ్చే చిన్నపాటి ఇబ్బందులుగా తీసిపారేయడం అలవాటు. తట్టుకోలేనివాళ్లకు మనోబలం లేదనడం అంతకంటే పాత అలవాటు. ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఏ పద్ధతిలో ఎంత బరువు తగ్గుతుందన్నది చిన్న ప్రశ్న. యావను, నీరసాన్ని ఎలా దాటాలన్నదే పెద్ద ప్రశ్న. దానికి సమాధానం ఎక్కువగా దొరికేది కూడా ఉపవాసం ఉండే గంటల్లో కాదు, తినే గంటల్లో.

పద్ధతుల మధ్య తేడా ఎంత?

2017లో షికాగో పరిశోధకులు వంద మందితో ఏడాది పాటు చేసిన ప్రయోగంలో, రోజు విడిచి రోజు ఉపవాసం ఉన్నవాళ్లు 6 శాతం, రోజూ కొంచెం తగ్గించి తిన్నవాళ్లు 5.3 శాతం బరువు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా కాదు. మధ్యలో మానేసినవాళ్లు మాత్రం ఉపవాస వర్గంలో 38 శాతం, రెండో వర్గంలో 29 శాతం. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 116 మందితో పన్నెండు వారాలు నడిచిన 16:8 ప్రయోగంలో, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది మధ్యే తిన్నవాళ్లకు, మూడు పూటలా తిన్నవాళ్లకు మధ్య బరువులో గట్టి తేడా కనిపించలేదు. పైగా విడిగా పరీక్షించిన చిన్న బృందంలో, ఉపవాసం ఉన్నవాళ్లు కోల్పోయిన బరువులో సుమారు 65 శాతం కొవ్వు కాని భాగమే, అంటే ముఖ్యంగా కండ. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిపై ఏడాది జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, కేలరీలు తగ్గిస్తూ ఎనిమిది గంటల్లోనే తిన్నవాళ్లు 8 కిలోలు, వేళల నియమం లేకుండా అన్నే కేలరీలు తగ్గించినవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చన్నంత చిన్నది.

ఉపవాసానికి మొగ్గు చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. 2025లో కొలరాడో నుంచి వచ్చిన ప్రయోగంలో వారానికి మూడు రోజులు ఉపవాసం ఉన్నవాళ్లు ఏడాదిలో 7.6 శాతం, రోజూ తగ్గించి తిన్నవాళ్లు 5 శాతం బరువు తగ్గారు. అక్కడ రెండు వర్గాలకూ ఏడాది పొడవునా బృందంగా సలహాలు, వ్యాయామానికి ప్రోత్సాహం అందాయి. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 99 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. దాని ప్రకారం రోజు విడిచి రోజు ఉపవాసానికి మామూలు పథ్యం మీద ఉన్న ఆధిక్యం సుమారు 1.3 కిలోలు. మహత్తు అనదగ్గదేమీ లేదు. ఎవరు ఎక్కువ కాలం నిలబడ్డారో వాళ్లకే ఫలితం దక్కింది.

ఆకలి అల

జపాన్ శాస్త్రవేత్తలు 1999లో గుర్తించిన గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా జీర్ణాశయంలో పుట్టి మెదడుకు ఆకలి కబురు పంపుతుంది. అది బడి గంట లాంటిది. పాఠం ఉన్నా లేకపోయినా వేళకు మోగుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. 2005లో 33 గంటలు ఏమీ తిననివారి రక్తాన్ని పరీక్షిస్తే, గ్రెలిన్ రోజూ తినే వేళలకు పెరిగి, ఏమీ తినకపోయినా తనంతట తనే తగ్గింది. ఉదయం ఎనిమిదింటికి ఇడ్లీ తినే అలవాటున్నవాళ్లకు ఆ వేళకు కడుపులో ఎలుకలు పరుగెత్తుతాయి. తొమ్మిదిన్నరకల్లా అవే సద్దుమణుగుతాయి. గంట గంటకూ ఆకలి రెట్టింపవుతుందన్న భయం చాలావరకు ఊహే.

అలవాటు మారడానికి కొంత గడువు కావాలి. రోజు విడిచి రోజు ఉపవాసం ఉన్నవారిపై షికాగోలో జరిగి 2010లో వెలువడిన చిన్న అధ్యయనంలో, ఉపవాసపు రోజు ఆకలి సుమారు రెండు వారాలకు తగ్గింది. కాబట్టి మొదటి వారపు ఆకలిని చూసి నా వల్ల కాదని తేల్చేయడం తొందరపాటు. ఒకేసారి పదహారు గంటలకు దూకకుండా రాత్రి భోజనాన్ని ముందుకు జరుపుతూ పన్నెండు, పద్నాలుగు గంటలకు చేరుకుంటే గ్రెలిన్ గంట కూడా మెల్లగా కొత్త వేళకు సర్దుకుంటుంది.

యావ పుట్టేది ఎక్కడ?

ఆకలేస్తే ఏది పెట్టినా తింటాం. యావ అలా కాదు, ఫలానాదే కావాలంటుంది. పెరుగన్నం ఉన్నా మిర్చిబజ్జీ కోసం, భోజనం అయ్యాక కూడా కాజా కోసం నోరూరుతుంది. 2005లో కవానా, ఆండ్రేడ్, మే అనే మనస్తత్వవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, యావకు బలమిచ్చేది మనసులో కట్టే బొమ్మ: ఆ బజ్జీ రంగు, వేడి, వాసన. బొమ్మ కట్టే చోటును మరో పనితో నింపితే యావ సడలాలి. ప్లిమత్ విశ్వవిద్యాలయంలో 31 మంది విద్యార్థులకు టెట్రిస్ ఆటను మూడేసి నిమిషాలు ఆడించి చూశారు. యావ తీవ్రత సగటున నూటికి 70 నుంచి 56కు దిగింది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో, పదిహేను నిమిషాలు చురుగ్గా నడిచి వచ్చినవాళ్లు పని చేసుకుంటూ తిన్న చాక్లెట్ సుమారు సగానికి తగ్గింది. మనసును వేరేవైపు తిప్పమని పెద్దలు చెప్పే మాటకు ఇది ఆధారం. ఆ పని కళ్లకూ ఊహకూ పని పెట్టేదైతే మరీ మేలు. ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తూ యావను మరిచిపోవాలనుకోవడం దానికి సరిగ్గా ఎదురు దారి.

ఇంతకీ ఉపవాసం యావను పెంచుతుందా, తగ్గిస్తుందా? ఇక్కడ రెండు రకాల సాక్ష్యాలున్నాయి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచాడు. వాళ్లు నాలుగో వంతు బరువు కోల్పోయారు. రోజంతా తిండి ధ్యాసే, కలల్లోనూ తిండే, కొందరు వంటల పుస్తకాలు పోగేశారు. ఎప్పుడూ చలి, నిస్సత్తువ. దీనికి భిన్నంగా, ఊబకాయం ఉన్నవారిపై పర్యవేక్షణలో కనీసం పన్నెండు వారాలు సాగిన పథ్యాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో, తీపి, కొవ్వు, పిండిపదార్థాల మీద యావ మొత్తంగా తగ్గింది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. మిన్నెసోటా యువకుల ఒంట్లో కరిగించుకోవడానికి పెద్దగా నిల్వ లేదు, కోత మాత్రం నెలల తరబడి సాగింది. నిల్వ ఉన్న ఒంటికి మితమైన కోత పెడితే యావ అణుగుతుంది, హద్దు మీరితే విరుచుకుపడుతుంది. కొన్ని వారాలు గడిచినా తిండి ధ్యాస పెరుగుతూనే ఉంటే పట్టుదల పెంచమని కాదు, కోత తగ్గించమని ఒళ్లు చెబుతోందని అర్థం.

యావకు వేళ కూడా ఉంది. 2013లో పగలూ రాత్రీ తెలియని మసక వెలుతురు గదుల్లో మనుషులను ఉంచి చూసిన పరిశోధనలో, ఆకలి, తీపి యావ దేహ గడియారాన్ని బట్టి రాత్రి ఎనిమిది ప్రాంతంలో శిఖరానికి చేరి, ఉదయం ఎనిమిదికి అట్టడుగున ఉన్నాయి. ఉదయం టిఫిను మానడం చాలామందికి తేలిక కావడానికి, రాత్రి తొమ్మిదింటి తర్వాత చెయ్యి డబ్బాల మీదికి పోవడానికి కారణం ఒకటే. తినే గంటల్ని పగటికి జరిపితే మంచి ఫలితాలు వచ్చిన ప్రయోగాలున్నాయి. 2018లో ప్రిడయాబెటిస్ ఉన్న ఎనిమిది మంది పురుషులు మధ్యాహ్నం మూడింటిలోపే తిండి ముగించారు. బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితనం, రక్తపోటు మెరుగయ్యాయి, సాయంత్రపు ఆకలి తగ్గింది. మన ఇళ్లలో మూడింటికి వంటిల్లు మూయడం జరిగే పని కాదు. తొమ్మిదిన్నరకు తినే రాత్రి భోజనం ఏడున్నరకు రావడం మాత్రం జరగనిదేమీ కాదు.

నిద్ర సంగతి దీనికి ముడిపడినదే. 2004లో పన్నెండు మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. తీపి, ఉప్పు, పిండి వంటల మీద కోరిక బాగా పెరిగింది. శివరాత్రికి ఉపవాసం, జాగరణ రెండూ చేసినవాళ్లు మర్నాడు ఎంత తిన్నా తనివి తీరదనడం ఇందుకే. అది ఏడాదికొక రాత్రి. రాత్రి షిఫ్టులు చేస్తూ 16:8 పాటించే ఉద్యోగులకు ఇది ప్రతి వారం ఎదురయ్యే పరీక్ష. నిద్ర సరిచేసుకోకుండా ఉపవాసపు గంటలు పెంచడం వాళ్లకు పనికిరాదు.

చిట్కాల్లో ఒకటి మన ఊళ్లలోనే ఉంది. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలతో చేసిన బిళ్లలు చప్పరించినవాళ్లు మిఠాయి తక్కువ తిన్నట్టు చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ అది రక్తంలో చక్కెరనూ తగ్గించగలదు కాబట్టి మధుమేహం మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు.

నీరసం ఒకటి కాదు

ఉపవాసంలో వచ్చే నీరసానికి జనం పెట్టే పేరు "షుగర్ డౌన్". మధుమేహం మందులు వాడని ఆరోగ్యవంతులకు పదహారు గంటల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. కాలేయం తన నిల్వలోని గ్లైకోజెన్‌ను కరిగించి చక్కెరను నిలబెడుతుంది. ఆ నిల్వ సన్నగిల్లే కొద్దీ, మనిషినీ చేసిన పనినీ బట్టి 12 నుంచి 36 గంటల మధ్య, ఒళ్లు కొవ్వు నుంచి కీటోన్‌లనే ఇంధనాన్ని తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది. వారాల తరబడి ఉపవాసం ఉంటే మెదడు తన ఇంధనంలో సగానికి పైగా కీటోన్‌ల నుంచే తీసుకోగలదని 1967లో జార్జ్ కేహిల్ బృందం చూపింది. ఉపవాసం మొదలవగానే జీవక్రియ చల్లారిపోతుందన్న మాటా సరికాదు. మొదటి రెండు మూడు రోజుల్లో నారడ్రెనలిన్ అనే హార్మోను పెరిగి, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కాస్త పెరిగినట్టు 2000లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంటే తొలి గంటల నీరసానికి ఇంధనం అయిపోవడం ఒక్కటే కారణం కాదు. మరి వేరే కారణాలేమిటి?

మొదటిది నీరు, ఉప్పు. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియంను ఎక్కువగా బయటికి పంపుతాయి. గ్లైకోజెన్‌తో పాటు దానికి అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. మొదటి వారంలో తూకం మీద కనిపించే సంబరంలో పెద్ద భాగం ఈ నీరే. కూర్చుని లేవగానే కళ్లు బైర్లు కమ్మడం, తలపోటు, పిక్కలు పట్టేయడం దీని ఆనవాళ్లు. పదహారు గంటల ఉపవాసానికి సరిపడా మంచినీళ్లు చాలు, విడిగా ఎలక్ట్రోలైట్ పొట్లాలు కొననక్కర్లేదు. పూర్తి రోజు ఉపవాసమైతే ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కొన్ని కేలరీల ఖర్చుతో మంచి ఆసరా. ఆవకాయలతో, పచ్చళ్లతో మన తిండిలో ఉప్పు మామూలుగానే ఎక్కువ కనుక, రక్తపోటు ఉన్నవాళ్లు ఈ సలహాను అవసరానికి మించి పాటించకూడదు.

రెండోది కాఫీ, టీ. రోజుకు నాలుగు కప్పులు తాగేవాళ్లు ఉపవాసం పేరుతో ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో కెఫీన్ అందక తలనొప్పి, మబ్బు, చికాకు వస్తాయి. ఆ నింద ఉపవాసం మీద పడుతుంది. ముందు వారంలో కప్పులు తగ్గించుకుంటూ రావడమో, పాలు చక్కెర లేని కాఫీ ఒక కప్పు ఉంచుకోవడమో దీనికి విరుగుడు. పాలు చక్కెర వేసిన కాఫీ నాలుగు సార్లు తాగుతూ ఉపవాసం అనుకుంటే అది ఆకలిని రేపే చిరుతిండే అవుతుంది.

మూడో కారణం అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది, మనకు అన్నిటికంటే దగ్గరిది: రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలు ఆంధ్రలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఈ రెండు గుంపులూ పూర్తిగా వేరువేరు కావు. బరువు ఎక్కువ, రక్తం తక్కువ ఉన్న గృహిణి ఉపవాసం మొదలుపెట్టి మెట్లెక్కితే ఆయాసపడుతుంటే దాన్ని సంకల్పలోపమనడం అన్యాయం. రెండు మూడు వారాలైనా నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోవాలి. తినే గంటలు కుదించుకున్నవాళ్లు ఒక సంగతి గమనించాలి: భోజనంతో పాటే టీ తాగితే ఇనుము వంటబట్టడం తగ్గుతుంది, భోజనంలో నిమ్మరసం పిండుకుంటే పెరుగుతుంది.

తినే గంటల లెక్క

మన సంప్రదాయంలో ఉపవాసాలకు కొదవ లేదు. ఏకాదశి, కార్తీక సోమవారపు నక్తం, వెంకటేశ్వరస్వామికి శనివారం ఒక్కపొద్దు, ముస్లింల రంజాన్ ఉన్నాయి. వీటి ఉద్దేశం భక్తి, బరువు కాదు కనుక వాటిని ఆ కొలతతో తూచడం తగదు. కానీ బరువు కోసం ఉపవాసం పట్టినవాళ్లు ఆ పలహారాలనే తెచ్చుకుంటే చిక్కు వస్తుంది. శనివారం రాత్రి అన్నం మానేసి నాలుగు దోసెలు, కొబ్బరి చట్నీ తింటే తగ్గిందేమీ ఉండదు. సగ్గుబియ్యం దాదాపు అచ్చమైన పిండి, ప్రొటీన్ లేనట్టే. రంజాన్ నెలలో సగటున సుమారు ఒక కిలో తగ్గి, కొన్ని వారాల్లో అది తిరిగి వచ్చేస్తోందని అధ్యయనాల విశ్లేషణలు చెబుతున్నాయి. గంటలు మారి, పళ్లెం మారకపోతే జరిగేది అదే.

ఉపవాసం విడిచాక రక్తంలో చక్కెర ఎంత దిగుతుందో దాన్ని బట్టి తర్వాతి ఆకలి మారుతుందని 2021లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న అధ్యయనం చూపింది. అల్పాహారం తర్వాత రెండు మూడు గంటలకు ఎవరి రక్తంలో చక్కెర బాగా దిగజారిందో వాళ్లు ముందుగా ఆకలిగొని, రోజు మొత్తంలో సగటున 312 కేలరీలు ఎక్కువ తిన్నారు. ప్యాకెట్ తిండితో 2019లో అమెరికాలో చేసిన ప్రయోగంలో, అదే 20 మంది ఇంటి తరహా తిండి తిన్నప్పటి కంటే అతిగా ప్రాసెస్ చేసిన తిండి ముందు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు. ఉపవాసం విడుస్తూ తీపి బిస్కెట్లతో టీ తాగడం రేపటి యావకు ఈరోజే పిలుపు పంపడం.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్, మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా ఉండటం, ప్రొటీన్ పొడులకు దూరంగా ఉండటం వాటి సారం. డెబ్భై కిలోల మనిషికి ఆ ప్రొటీన్ సుమారు 58 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే ఇంకాస్త ఎక్కువే మేలు, మూత్రపిండాల జబ్బు ఉంటే తప్ప. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పెరుగులో మూడు, వంద గ్రాముల పెసల్లో సుమారు 24 గ్రాములు ఉంటాయి. రెండు భోజనాల్లో ఇంత సమకూర్చడం అన్నం కుప్ప మీద చారు పోసుకుంటే సాధ్యం కాదు. తక్కువ నూనెతో పెసరట్టు, గుడ్లు, చేప, ముద్దపప్పు, గుగ్గిళ్లు ముందు వచ్చి, కూర తర్వాత వచ్చి, అన్నం చివర రావాలి. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తే కసరత్తు తినే గంటల్లో పెట్టుకుంటే కండ నిలుస్తుంది, నీరసమూ తగ్గుతుంది.

ఇష్టమైనదాన్ని పూర్తిగా నిషేధించాలా అన్న ప్రశ్నకూ కొంత జవాబు ఉంది. ఒక పథ్యం ప్రయోగంలో, యావ పుట్టించే పదార్థాన్ని ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది తగ్గినప్పుడు యావ తగ్గింది. రోజూ సగం మైసూర్‌పాక్ ముక్క కంటే ఆదివారం భోజనం తర్వాత ఒక పూర్తి ముక్క నయమన్నమాట.

ఎవరు ఆగాలి?

నీరసం ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలున్నాయి. గ్లిమెపిరైడ్ వంటి మధుమేహం మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఉపవాసంలో నిజంగానే చక్కెర పడిపోవచ్చు. వణుకు, చెమటలు, తికమక దాని గుర్తులు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహం మందులతో దీర్ఘ ఉపవాసం చేస్తే, చక్కెర మరీ ఎక్కువ లేకుండానే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. రంజాన్ ఉపవాసం ఉండే మధుమేహులకు అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి: చక్కెర 70 కంటే తగ్గినా 300 దాటినా వెంటనే ఉపవాసం విడవాలి. అదే నియమం బరువు కోసం ఉపవాసం ఉండే మధుమేహులకూ మంచిది. రక్తపోటు మందుల మోతాదు కూడా చూపించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, బక్కచిక్కిన వృద్ధులు, తిండితో మానసికంగా సతమతమైన చరిత్ర ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. 1965-66లో స్కాట్లాండ్‌లో ఒక యువకుడు 382 రోజులు ఘనాహారం లేకుండా ఉండి 125 కిలోలు తగ్గిన ఉదంతాన్ని వీడియోల్లో తెగ చెబుతారు. అతను ఆసుపత్రి పర్యవేక్షణలో, విటమిన్లు తీసుకుంటూ ఉన్నాడని అంత గట్టిగా చెప్పరు.

2025లో భారత మార్కెట్‌లోకి వచ్చిన బరువు తగ్గించే సూదిమందులు ఈ చర్చకు ఒక కొత్త కోణం తెచ్చాయి. హార్మోన్ల దారిలో పనిచేసే మందుతో తిండి ధ్యాస సడలుతోందంటే, ఆ ధ్యాస గుణలోపం కాదని తేలుతోంది. ఉపవాసాన్ని శీలపరీక్షగా చూసే ధోరణికి ఇక ఆధారం మిగలలేదు. కాబట్టి ఒక పద్ధతి మనకు సరిపడిందా అని తేల్చుకోవడానికి తూకం ఒక్కటే చాలదు. నాలుగు వారాలయ్యాక మూడు సంగతులు చూసుకోవాలి: ఆకలి మొదటి వారం కంటే తగ్గిందా, రాత్రి యావ అణిగిందా, మెట్లెక్కే సత్తువ నిలిచిందా. మూడూ సరిగ్గా ఉంటే కొనసాగించవచ్చు. ఏ ఒక్కటి దెబ్బతిన్నా మొదట మార్చాల్సింది పళ్లెం, నిద్ర, రాత్రి భోజనపు వేళ. అవి మార్చినా ఫలితం లేకపోతే ఉపవాసపు గంటలు తగ్గించుకోవాలి. ఆ గంటలు పూర్తిగా వదిలేసి రోజూ కొంచెం తగ్గించి తినేవాళ్లు కూడా ఏడాది చివర దాదాపు అంతే బరువు తగ్గుతున్నారు కనుక, అలా వదిలేయడం ఓటమి కాదు.